తుప్పు బావ కాపలా

ఢిల్లేశ్వరరావు కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. పగిలిన అద్దాలు, ఉప్పుగాలికి చెడిపోయిన ఛార్జింగ్ పిన్నులు, సముద్రంలో పడి బియ్యం డబ్బాలో తేలిన ఫోన్లు, ఇవీ అతని వారమంతా. ఆదివారం ఉదయం మాత్రం అతను ఢిల్లీ బావ. ఉద్దానంలో కొబ్బరితోట మధ్య ఉన్న తన ఇంటి వెనకగదిలో కూచుని, కంప్యూటర్ మీద కత్తుల ఆట ఆడుతూ, ఆడినంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. అది యూట్యూబ్‌లో నేరుగా వస్తుంది. మధ్యమధ్య తోటలో కొబ్బరికాయ రాలిన చప్పుడు కూడా వస్తుంది.

ఆట ఇంగ్లీషుది. కోటలు, రాక్షసులు, ఇనుప చొక్కాల వీరులు. ఆ మాటల్ని ఢిల్లీ అక్కడికక్కడే తన యాసలోకి దించేస్తాడు. కిరీటం పెట్టుకున్న రాణి వచ్చి గంభీరంగా ఏదో చెబితే, "ఓలమ్మ, ఈయమ్మకి మొగుడి మీద కోపం. మన మీద సూపిత్తంది" అంటాడు. రెక్కల పాము మంట కక్కితే, "జీడిపిక్క కాల్సినట్టు కాల్సీసినాది బావా" అంటాడు. తెరల మీద ఈ యాస వినబడితే ఎవడో నౌకరో, వెర్రివాడో అయి ఉంటాడని మనకు అలవాటు చేశారు. ఢిల్లీ దగ్గర రాజులు కూడా ఆ యాసలోనే ఆజ్ఞలిస్తారు. గుజరాత్ తీరంలో పడవల మీద పనికి వెళ్ళిన కుర్రాళ్ళు, హైదరాబాదులో అపార్టుమెంట్ల గేట్ల దగ్గర కూచునే మనవాళ్ళు అతన్ని ఎందుకు చూస్తారో వేరే చెప్పక్కర్లేదు.

జీడితోటలు పూతమీదున్న ఒక ఆదివారం, ఆటలో అతను ఒక కూలిన కోట దగ్గరికి వచ్చాడు. గేటు పక్కన రాయి మీద ఒక వీరుడు కూచుని ఉన్నాడు. శిరస్త్రాణం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒంటి మీది ఇనుమంతా తుప్పు.

"అదిగో, ఎవులో కూకున్నాడు. ఓరి నీ ఇనప సొక్కా తుప్పట్టిపోనాది గదరా! తుప్పు బావా, బాగున్నావా?"

తుప్పు బావ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఢిల్లీ చదివి చెబుతూ వచ్చాడు. "ఈడు కోటకి కాపలా పెద్దంట. సత్రువులొత్తన్నారు, ఏడు పేటలకీ ఎల్లి గంట కొట్టి రమ్మన్నాడంట రాజు. ఆరు పేటల్లో కొట్టినాడంట. ఏడోది దూరమంట. పొద్దు పోతందని ఎనక్కొచ్చీసినాడంట." ఇంకో వాక్యం తెర మీదకొచ్చింది. అది కూడా అదే ఊపులో చెప్పేశాడు. "అక్కడ మనుసులు నేరని సెప్పీసినాను. ఎల్లి సూడనేదు."

చెప్పి ఆగిపోయాడు. తెర మీద చదివినప్పుడు అది తుప్పు బావ మాట. తన నోట, తన యాసలో బయటికొచ్చేసరికి అది తన మాటే అయిపోయింది.

ఆట మూడు దారులు చూపించింది. నరుకు. క్షమించు. వదిలి వెళ్ళు. పక్కన చూసేవాళ్ళ సందేశాలు కురుస్తున్నాయి. "నరికీ బావా." "ఆడి కత్తి మంచిది, సంపితే మనకొచ్చీద్ది." "ఏటి బావా, నిద్రపోనావా?"

"కరెంటు పోయేటట్టుంది" అని ఢిల్లీ ఆట ఆపేశాడు. ఆ ఉదయం మా వైపు కరెంటు పోనేలేదు.

* * *

నాలుగేళ్ళ కిందట ఢిల్లీ డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాడు. ఒక సంస్థ వాళ్ళు కిడ్నీ జబ్బు సర్వే అంటూ కుర్రాళ్ళను చేర్చుకున్నారు. ఉద్దానంలో మనుషుల రక్తం తీసుకువెళ్ళడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆ రక్తం ఏం చెప్పిందో తిరిగొచ్చి చెప్పేవాళ్ళే తక్కువ. ఢిల్లీ పని పేర్లు రాయడం. రక్తం తీయడానికి వేరే అమ్మాయి, బండి నడపడానికి నారాయణరావు. మంచుపెట్టెలో సీసాలు పెట్టుకుని, మంచు కరిగేలోగా మధ్యాహ్నానికల్లా టెక్కలి చేరాలి.

ఆ జాబితాలో ఆఖరి ఊరు సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డునున్న గవ్వలపేట. ముప్పై ఒక్క గడప. తారు రోడ్డు ఆగిపోయాక ఇసకలో కిలోమీటరు పైగా నడవాలి. ఎనిమిదిన్నరకి రోడ్డు చివర బండి ఆపి నారాయణరావు అన్నాడు: "ఈయేల్టప్పుడు ఆ పేటలో ఎవులుంటారు? తెప్పలొచ్చే టయిము. అందరూ ఒడ్డుకెల్పోతారు. మంచు కరిగిపోతంది బావా, రాసీయి."

ఏం రాయాలి? ఆ కాగితంలో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి నింపాలి. "రక్తం ఇచ్చారు", "నిరాకరించారు", "తాళం వేసి ఉంది". ఈ మూడే. "మేమే వెళ్ళలేదు" అన్న గడి లేదు. కాగితం తయారుచేసిన పెద్దలకు ఆ గడి అవసరం పడుతుందని తోచలేదో, తోచే మానేశారో. ఢిల్లీ బండిలోనే కూచుని ముప్పై ఒక్కసార్లు "తాళం" అని రాశాడు. చేతిరాత మరీ ఒక్కలా ఉంటుందని మధ్యలో పెన్ను కూడా మార్చాడు.

ఆ పెన్ను మార్చడమే అతనికి ఎప్పుడూ గుర్తొచ్చేది. బద్ధకాన్ని మరిచిపోవచ్చు. పెన్ను మార్చడం బద్ధకం కాదు.

సర్వే లెక్కలు తేలాక, జబ్బు బయటపడ్డ ఊళ్ళకు నెలనెలా నర్సులు రావడం మొదలైంది. గవ్వలపేటలో రోగులు సున్నా. సున్నాకి నర్సు ఎందుకు?

* * *

సోమవారం కొట్లో ఎవరిదో ఫోను విప్పి కూచున్నప్పుడు ఢిల్లీకి ఒక గొంతు సందేశం వచ్చింది. పెద్దావిడ గొంతు, వెనక ఏవో యంత్రాల మోత.

"బాబూ ఢిల్లీ, నాను గవ్వలపేట పైడమ్మని. టెక్కల్లో మిషను మీద నాలుగ్గంటలు పడుకోబెడతారు గదా, మా గుంట అమ్ములు నీ ఆట పెడతాది. నవ్వుతుంటే పొద్దు తెల్దు. నిన్న మజ్జిలో ఆపీసినావేటి? ఆ తుప్పోడ్ని ఏటి సేసినావు? నరకొద్దు నాయనా. నరికితే ఆడికి సుకం. సెమించీసినా సుకమే. ఆడ్ని నేపి ఆ ఏడో పేటకి తోలు. గంట కొట్టించు. అక్కడెవులూ మిగల్నేకపోయినా సరే, కొట్టించు."

ఢిల్లీ దాన్ని మూడుసార్లు విన్నాడు. మూడుసార్లూ "గవ్వలపేట" దగ్గర ఆగాడు.

ఇంటికి వెళ్ళి భార్య స్వాతికి అంతా చెప్పాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ వింది.

"నువ్వు రాసినందుకే ఆయమ్మకి జబ్బొచ్చిందేటి?"

"జబ్బు నాను తేనేదు. తెలియకుండా సేసినాను."

"ఇప్పుడు సెప్తే ఆయమ్మ మిషను దిగిపోతాదా? ఉన్న ఒక్క నవ్వూ పోతాది. నువ్వు తేలికైపోడానికి ఆయమ్మ నెత్తి మీద పెడతావా?"

స్వాతి మాటలో న్యాయం ఉంది. రెండు రోజులు అతను ఆ మాట చాటున దాక్కున్నాడు కూడా. గురువారం, డయాలసిస్ లేని రోజు, పొద్దున్నే కొట్టు తీయకుండా బండి తీశాడు. నాలుగేళ్ళ కిందట నారాయణరావు ఆపిన చోటే ఆపి, ఇసకలో నడిచాడు.

పేట మొదట్లోనే అతని కాళ్ళు నెమ్మదించాయి. కొన్ని ఇళ్ళ ముందు ఆడవాళ్ళు చేపలు ఆరబెడుతున్నారు. మిగతా ఇళ్ళలో ఎవరూ లేరు. ఆ ఇళ్ళ తలుపులు దగ్గరగా వేసి, అడ్డంగా ఒక విరిగిన తెడ్డు ఆనించి ఉంది. గొళ్ళేనికి తాళం లేదు. ఒక్క ఇంటికీ లేదు.

"ఒలమ్మా! ఢిల్లీ బావ!" అని అరిచింది అమ్ములు. పైడమ్మ కూతురు, ఇరవై ఏళ్ళ పిల్ల. ఫోటో తీసేసి, లోపలికి లాక్కుపోయింది. పైడమ్మ నులకమంచం మీద కూచుని ఉంది. ఎడమ చేతి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంది.

"ఫోన్లో ఏనుగులాగున్నావు, ఇక్కడ ఈనుప్పుల్లలాగున్నావేటి నాయనా? మీ ఆవిడ కూడెట్టదా?"

అమ్ములు చిన్న గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "మా అమ్మకి రోజుకి ఈ గలాసుతో నాలుగు. నీకు ఎన్నయినా" అని నవ్వింది. ఢిల్లీ గ్లాసు అందుకుని కింద పెట్టేశాడు. ఇంకా ఆలస్యం చేస్తే చెప్పలేడని తెలుసు.

"అమ్మా, నాలుగేళ్ళ కిందట రక్తం సర్వేకొచ్చినాం. ఆ రోడ్డు కాడే బండాపీసి ఈ పేటంతా తాళాలున్నాయని రాసీసినాం. రాసింది నాను."

ముందుగా అమ్ములు అంది. "తాళాలా?" ఆ పిల్లకు కోపం కంటే ముందు వింత కలిగింది. "మా పేటలో తాళాలెక్కడియి?"

"తెప్ప సంద్రం మీదుండగా ఇంటికి తాళం ఎయ్యం బాబూ" అంది పైడమ్మ నెమ్మదిగా. "ఏత్తే, ఒచ్చేవోడికి దారి మూసీసినట్టు. తెడ్డు ఆనించి ఒడ్డుకెల్తాం. మా అత్త నేర్పింది, ఆయమ్మకి ఆళ్ళ అత్త. ముప్పై ఒక్క తాళాలని రాసినావు. రాసినోడికి తెల్దు సరే, సదివినోడికీ తెల్దేటి? అన్నాళ్ళూ ఒక్కడూ ఒచ్చి సూణ్ణేదేటి?"

నా దృష్టిలో ఆ సర్వే మీద ఇంతకన్నా పెద్ద తీర్పు లేదు. ఆ కాగితం ఎన్ని బల్లలు దాటిందో. ఈ పేట గడప ఒక్కసారి తొక్కినవాడు ఆ బల్లల వెనక ఒక్కడున్నా అది అబద్ధమని తెలిసిపోయేది.

అమ్ములుకు అప్పుడొచ్చింది కోపం. "రెండేళ్ళు కాళ్ళు వాసినాయి మా అమ్మకి. ఉప్పునీళ్ళలో నిలబడినందుకు అనుకున్నాం. కొట్లో నొప్పుల మాత్రలు కొని మింగించినాను, నా సేత్తో. నర్సమ్మలు పక్కూరొచ్చి ఎల్పోయేవోరు. ముందే ఒచ్చుంటే మందుల్తో కొన్నాళ్ళు ఆపేవోళ్ళమని టెక్కల్లో డాక్టరు బాబన్నాడు. నీకు నవ్వులాట! లెగు, లెగెల్లు బయిటికి!"

ఢిల్లీ లేచాడు. పైడమ్మ అతన్ని వెళ్ళమనలేదు, కూచోమనలేదు. తన చేతి మీద ఉబ్బిన నరాన్ని వేలితో తడిమింది.

"నిన్ను తిట్టడానికి నాకు ఓపిక్నేదు" అంది చివరికి. "సెమించడానికీ నేదు. ఆ తుప్పోడి గురించి నానేటన్నాను?"

"ఏడో పేటకి తోలమన్నావు."

"ఆఁ. మరి ఇక్కడ నిలబడ్డావేటి? ఎల్లి గంట కొట్టు."

* * *

చెప్పినంత తేలిక కాదు. ఆరోగ్య కేంద్రంలో జాబితా చూపించి, ఆ పేటలో రోగులు లేరన్నారు. ఢిల్లీ నాలుగేళ్ళ కిందటి తన తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. "దీనివల్ల నీకే ఇబ్బంది" అన్నాడు గుమాస్తా. అయితే అవనీ అన్నాడు ఢిల్లీ. రోజు మార్చి రోజు తిరిగాడు. ఆ తరవాతి ఆదివారం ఆట ఆడలేదు. కెమెరా ముందు కూచుని జరిగింది చెప్పాడు. కొందరు తిట్టి వెళ్ళిపోయారు. కొందరు తమ ఊళ్ళలో ఎవరూ రాని గడపల పేర్లు రాశారు. తుప్పు బావ ఆ రాయి మీదే ఉన్నాడు. ఆట చూపించిన మూడు దారుల్లో పైడమ్మ చెప్పింది లేదు కనుక ఢిల్లీ ఏదీ నొక్కలేదు.

నెల తరవాత ఒక గురువారం నర్సు, ఆశా కార్యకర్త గవ్వలపేటకు వచ్చారు. పొద్దున్న కాదు, మధ్యాహ్నం, వలలు దులిపి మగవాళ్ళు అన్నాలు తిన్నాక. ఆ వేళ చెప్పింది పైడమ్మ. మంచుపెట్టెను ఇసకలో మోసింది ఢిల్లీ. అమ్ములు అతనితో మాట్లాడలేదు గాని, ముందు నడుస్తూ ప్రతి గడప దగ్గరా కేకేసింది. "అత్తా, సెయ్యి సాపు! మావా, దాక్కుంటే వొగ్గుతాననుకున్నావా? సూదికి భయమేసే మొగోడివి తెప్పెలాగెక్కుతన్నావు?"

ముప్పై ఇళ్ళు అయ్యాయి. ముప్పై ఒకటోది పేట చివర, సరుగుడు చెట్ల పక్కన. తలుపుకి తెడ్డు ఆనించి లేదు. తుప్పు పట్టిన పెద్ద తాళం వేలాడుతోంది.

"ఇది దాలయ్య మావ ఇల్లు" అంది అమ్ములు. నెల రోజుల్లో అతనితో అన్న మొదటి మాట అదే. "రెండేళ్ళయింది పోయి. ఒల్లంతా వాసిపోయి పోయినాడు. ఏ రోగమో ఎవులికి తెలుసు? ఎవులు సూసినారు గనక? కామేశ్వరమ్మత్త ఆళ్ళన్న ఊరెల్పోయింది. సంద్రం మీంచి ఒచ్చేవోడు నేడు గదా, తాళం ఏసుకుంది."

నర్సు కాగితం అతని చేతికిచ్చింది. ఇది కొత్త కాగితం, కానీ గడులు పాతవే. ఢిల్లీ ఆ తాళాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఈసారి "తాళం" అని రాస్తే అది నిజమే.

దాలయ్య అని రాశాడు. కింద కామేశ్వరమ్మ అని రాశాడు. గడులు వదిలేసి, పక్కన ఉన్న ఖాళీ జాగాలో, పెన్ను మార్చకుండా రాశాడు: "మేము ఆలస్యంగా వచ్చాం."

"అక్కడలా రాయకూడదండీ" అంది నర్సు.

"ఉండనీండమ్మా" అంది అమ్ములు.