స్టవ్ పైన పసుపు మరక

ఉదయం ఏడుంపావుకు, పాయింట్ కుక్‌లో ఇంటి ముందు నిలిపిన, కారుకు తగిలించి క్యాంపులకు తీసుకెళ్లే మా పాత కారవాన్ పైకప్పు నుంచి నీటిచుక్క స్టవ్ మీద పడింది. పైనున్న గాలి కిటికీ చుట్టూ సీలు చీలి, లోపలి ప్లైవుడ్ ఉబ్బింది. స్టవ్‌కు సరిగ్గా పైన, సీలింగ్ మీద పసుపు మరక ఉంది. ఏ క్యాంపులో దిగినా నా భార్య ముందు పప్పుకు తాలింపు పెట్టేది. నూనె అంతెత్తు చిందేది. ఆమె పోయాక నేను ఆ మరక తుడవలేదు.

సాయానికి వచ్చిన ఆమె తమ్ముడు అక్కడ నొక్కితే వేలు లోపలికి దిగింది.

"ఆవాలు సీలింగ్‌కి ఎక్కించడం మా అక్కకే చెల్లింది. ఇది కంప్లీట్‌గా పోయింది బావా, తీసేయాలి."

"ఆ ముక్క వరకు ఉంచలేమా?"

"పట్టుకుంటే పిండి అయిపోతోంది బావా."

నేనూ పట్టుకుని చూశాను. చేతిలో పొడిగా రాలింది. సాయంత్రానికి కొత్త తెల్ల షీటు బిగించాం.

ఆ కారవాన్‌లో ఇప్పుడు ఎవరూ తాలింపు పెట్టడం లేదు.