తుండుగుడ్డ కింద వెయ్యి రూపాయలు

1946వ సంవత్సరం. యుద్ధం ముగిసినా పెట్రోలుకు ఇంకా కూపన్లే. గిద్దలూరు రైలుస్టేషను వెనక నా మోటారు షెడ్డు. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు బాగుచేసి బతుకుతుండేవాణ్ణి. మా నాయన పశువుల సంతలో దళారి. నోరు తెరిపించి పళ్ళు చూస్తే చాలు, ఎద్దు వయసు చెప్పేసేవాడు. పాత మోటార్లకు ధర కట్టే నేర్పు నాకు ఆయన నుంచే వచ్చిందని ఊళ్ళో అనేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు. పొగడ్త ఎవరికి చేదు?

మాఘమాసంలో ఒకరోజు కొమరోలు దగ్గరి పల్లె నుంచి మార్తమ్మ వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆమె భర్త దేవదానం ఒక రైల్వే దొర దగ్గర డ్రైవరు. దొర ఇంగ్లండుకు వెళ్ళిపోతూ తన కారును దేవదానం పేరున రాసిచ్చి పోయాడు. రెండేళ్ళ కిందట దేవదానం జ్వరంతో చనిపోయాడు.

"తమ్ముడా, బండికి ధర చెప్పి అమ్మిపెట్టాల. ఉగాదికల్లా తొమ్మిదొందలు కావాల నాకు" అంది.

"తొమ్మిదొందలే ఎందుకక్కా?"

"రెడ్డి చేను రెండున్నర ఎకరాలు అమ్ముతున్నాడు. ఇరవై ఏండ్లు ఆ చేన్లోనే కూలికి కలుపు తీసినా. ఉగాది దాటితే ఇంకొకరికి రాసిస్తానన్నాడు."

ఆమె గుడిసె పక్క చుట్టింట్లో తాటాకులు తొలగించి చూశాను. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి బానెట్. ఇలాంటిదాన్ని స్పోర్ట్స్ కారు అంటారు, సరదాకు వేగంగా తోలుకునే బండి. పద్నాలుగేళ్ళ పాతది. అయినా పచ్చరంగు ఎక్కడా పొరలెత్తలేదు. టైర్లు నేలకు ఆని చెడిపోకుండా చట్రాన్ని దుంగల మీద నిలబెట్టారు.

హ్యాండిల్ పెట్టి తిప్పాను. ఇంజన్ మంచిదయితే లోపల నొక్కుకున్న గాలి చేతిని ఎదురు తంతుంది, దాన్నే కంప్రెషన్ అంటాం. యుద్ధంలో పెట్రోలు దొరక్క నాలుగేళ్ళుగా రోడ్డెక్కని బండి నా భుజాన్ని గట్టిగా తన్నింది.

"ఇదెట్ల బతికిందక్కా?"

"నా మొగుడు చెప్పి పోయినాడు. ఆదివారం ఆరాధనకు పోయే ముందు పది తిప్పులు తిప్పేదాన్ని. నెలకొకసారి ఆ ప్లగ్గులు విప్పి చెంచాడు ఆముదం పోసేదాన్ని. ఒక్క వారం తప్పలా."

ఆ క్షణాన నాకు బండి మీద మోహం పుట్టింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. "పదిహేనొందలు పలుకుతుంది. తొందర పడొద్దు" అన్నాను. మద్రాసులో పాత కార్లు కొని అమ్మే ఒకాయనకు ఉత్తరం రాశాను. అది అమ్ముడైతే నేనే తోలుకుంటూ పోయి మద్రాసులో అప్పగించాలని లోపల్లోపల కోరిక.

జవాబు రాలేదు. రోజూ మెయిల్ రైలు వచ్చే వేళకు స్టేషనుకు పోయేవాణ్ణి. తపాలా సంచి దించే మనిషి నన్ను చూడగానే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. షెడ్డులో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు. ఒక బస్సు బ్రేకులు బిగించి, బిగించానో లేదో గుర్తురాక మళ్ళీ విప్పి చూశాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావని మా ఆవిడ కసిరింది. మార్తమ్మ మాత్రం రెండుసార్లు వచ్చి, గడప దగ్గర నిలబడి, "ఏమన్నా తెలిసిందా తమ్ముడా?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఉగాది ఇంకా పదిహేను రోజులుందనగా మార్కాపురం నుంచి సుబ్బయ్యశెట్టి వచ్చాడు. పలకల గని ఆయనది. గనిలో నీళ్ళూరి పని ఆగిపోయింది. నీళ్ళు తోడే పంపుకు ఇంజన్ కావాలి. తీసుకుపోయి మార్తమ్మ బండి చూపించాను.

"మరి బండి?" అన్నాను.

"బండి ఏం చేసుకోవాలప్పా? నా సంసారం పదకొండు మంది, దీంట్లో ఇద్దరికే చోటు. ఇంజన్ ఊడదీసుకుంటా. మిగతాది ఇనుముకు పోతాది."

మార్తమ్మతో కలిసి షెడ్డుకు తిరిగొచ్చాక బేరం సంత పద్ధతిలోనే జరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియకుండా తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి లెక్క చెప్పుకోవడం మా దగ్గర అలవాటు. శెట్టి ఆడమనిషి చేతిలో చెయ్యి పెట్టడు. పైగా మార్తమ్మ కులంవాళ్ళను ఆ రోజుల్లో ఆ గుడ్డ దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆమె పది అడుగుల దూరంలో నిలబడింది. ఆమె తరఫున నా చెయ్యి పెట్టాను.

"లెక్క వందల్లో" అని శెట్టి నా ఐదు వేళ్ళూ కలిపి రెండుసార్లు నొక్కాడు. పది వందలు. వెయ్యి రూపాయలు!

ఆమె అడిగిందానికి వంద ఎక్కువ. తల ఊపితే అయిపోయేది. కానీ ఆ పచ్చ బానెట్ కళ్ళముందు మెదిలింది. సుత్తి దెబ్బలు వినబడ్డట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

శెట్టి నన్నే చూశాడు. "చెయ్యెందుకు లాగినావు కాశయ్యా? బండి ఆమెదా, నీదా?" అని లేచిపోయాడు.

మార్తమ్మ దగ్గరికొచ్చింది. "ఎంత పెట్టినాడు తమ్ముడా?"

"తక్కువలే అక్కా. మద్రాసు జవాబు రానీ" అన్నాను.

గుడ్డ కింద మాట కాబట్టి సాక్షి ఎవడూ లేడు. ఆమె సరేనని కొమరోలు దారి పట్టింది. ఆమె కనుమరుగయ్యేదాకా నేను షెడ్డులోకి రాలేకపోయాను. ఆ తర్వాత అన్నం సయించలేదు. పిలిచి నిజం చెప్పేద్దామని రోజుకు నాలుగుసార్లు అనుకోవడం, రేపు ఉత్తరం వస్తుందిలే అని సర్దుకోవడం.

పదో రోజు వచ్చింది ఉత్తరం. మిలిటరీ జీపులు వేలానికి వస్తున్నాయట, రెండు సీట్ల బండిని అడిగేవాడే లేడట. మద్రాసు చేర్చితే మూడొందలిస్తాడట.

దొరికిన రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, జట్కాలో ఊళ్ళోకి పోయి శెట్టి ముందు నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆయన తిట్టలేదు.

"వస్తా. కానీ ఈసారి గుడ్డ వద్దు. ఆమెతోనే మాట్లాడతా" అన్నాడు.

మర్నాడు మార్తమ్మ వాకిట్లో, అందరూ వింటుండగా, నోటితోనే చెప్పాడు: "ఏమ్మా, ఆ పొద్దు వెయ్యి పెట్టినా. ఈ పది రోజులు మనుషులతో నీళ్ళు తోడించినందుకు నాకు వంద ఖర్చయింది. ఇప్పుడు తొమ్మిదొందలు. ఇష్టమేనా?"

మార్తమ్మ శెట్టి వైపు చూడలేదు. "వెయ్యి అన్నది నిజమేనా తమ్ముడా?" అంది.

"నిజమే అక్కా."

 అప్పుడు శెట్టి వైపు తిరిగి, "ఇష్టమేనయ్యా" అంది.

ఇంజన్ ఊడదీసింది నేనే. గని ఒడ్డున దిమ్మె మీద బిగించి హ్యాండిల్ తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది. "ఎవరు కాపాడినారో గానీ!" అన్నాడు శెట్టి. మార్తమ్మ పేరు చెప్పాను.

ఉగాదికి రెండు రోజుల ముందు చేను ఆమె పేరున రిజిస్టరయింది. పండగ దాటాక కుంచెడు కొర్రలు మూటగట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"ఏందక్కా ఇది?"

"దళారి కూలి."

"వద్దక్కా. నేను చేసినదానికి..."

"మాకు కూలి ఎగ్గొట్టినోళ్ళు శానామంది ఉండారు. నేను అట్ల చెయ్యను. తీసుకో."

తీసుకున్నాను. అడగకుండా ఉండలేక అడిగాను: "ఆ వంద ఉంటే ఏం చేసేదానివక్కా?"

"ఎద్దును కొనేదాన్ని" అని, ఖాళీ గుడ్డ దులుపుకుని వెళ్ళిపోయింది.

వందకు ఎలాంటి ఎద్దు వస్తుందో దళారి కొడుకును, నాకు వేరే చెప్పాలా? ఆ ఏడాది ఆమె పరాయివాళ్ళ అరకకు ఎదురుచూస్తూ, అందరి చేలూ దున్నడం అయ్యాక తన చేను దున్నించుకుంది.

ఆ తర్వాత తుండుగుడ్డ కింద చెయ్యి పెట్టలేదు. సొంతదారు పక్కన లేకుండా ధర మాట్లాడలేదు. ఎవరు బండి తెచ్చినా నేను ముందు అడిగేవి రెండే మాటలు: ఎంత కావాలి, ఎప్పటికి కావాలి? ఆ తర్వాతే బానెట్ ఎత్తుతాను. మార్తమ్మ ఆ రెండూ మొదటి రోజే, నేను అడగకుండానే చెప్పింది.