పగడాలకు గొర్రెల వైద్యం

తాగే నీళ్లే కొనుక్కునే మార్కాపురంలో, హాల్లో ఉప్పునీళ్ల తొట్టి పెట్టి ప్రాణమున్న సముద్రపు పగడాలు పెంచడం నా పిచ్చి. మొన్న చెన్నై నుంచి కొత్త పగడం తెప్పించి నేరుగా తొట్టిలో పెట్టాను. దాంతోపాటు వచ్చిన పురుగులు వారానికల్లా పాతవాటిని కూడా కొరికేశాయి.

జీవితమంతా గొర్రెలు మేపిన నాయన తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూసి మండిపడ్డాడు.

"సంతలో కొన్న గొర్రెను మందులో ముంచకుండ మందలో కలుపుతారంట్రా ఎవరన్నా?"

సిగ్గేసింది. నేను చూసిన వీడియోల్లోనూ అదే చెప్పారు, నేనే బద్ధకించాను. పగడాల మందు బకెట్లో కలిపి, ఒక్కొక్కదాన్నీ ముంచి జాడిస్తే పురుగులు రాలిపోయాయి. ఇంతలో నాయన ఎర్రరంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చాడు. ముంచిన గొర్రెకు వీపున గుర్తు పెట్టడం ఆయన అలవాటు.

"రంగు తగిలితే చస్తాయి నాయనా!" అని అడ్డం నిలబడ్డాను.

"మరి ముంచిందేదో ఎట్ల తెలుస్తాది?"

నేను మళ్లీ బకెట్ మీదికి వంగాను. ఆయన కాసేపు నా వెనకాలే నిలబడి వెళ్లిపోయాడు.

సాయంత్రం బజారులో, గొర్రెలు కాసే మామ ఒకాయన వెనక నుంచి కేకేశాడు.

"ఏం అల్లుడా, చొక్కా మీద మీ నాయన గుర్తుండాదే! నిన్ను గూడా మందులో ముంచినాడా ఏంది?"