కోటు వీపున పదిహేడు క్లిప్పులు

స్టూడియో జీతాల చిట్టాలో ఆవిడ హోదా "దుస్తుల సహాయకురాలు". నోటిమాటగా మాత్రం "క్లిప్పులావిడ". ఆ పేరు పడేనాటికి ఆవిడకు ఇరవై రెండేళ్లే. ఆవిడ అనిపించుకునే వయసు కాదది. కానీ నడుముకు గుడ్డసంచీ కట్టుకుని, నోట్లో రెండు క్లిప్పులు కరుచుకుని, ఒక కన్ను మూసి ఎదుటివాళ్ల భుజాలను కంటితోనే కొలిచేసే మనిషిని "అమ్మాయ్" అని పిలిచే ధైర్యం ఎవరికి ఉంటుంది?

స్టూడియో మూడో అంతస్తులో ఉండేది. కింద తాళంచెవులు అరగదీసే దుకాణం. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ కీచుమోత వెంటే వచ్చేది. పైన ఒక పెద్ద కిటికీ, దానికో పరదా, గోడకు వేలాడే బూడిదరంగు కాగితపు చుట్ట, రెండు దీపాలు. అందులో ఒకదానికి నెత్తిన చిన్న దెబ్బ వేస్తే తప్ప వెలిగే అలవాటు లేదు. రెండు డ్రమ్ముల మీద పడుకోబెట్టిన పాత తలుపు ఇస్త్రీబల్ల. వీటన్నిటి మధ్య మెడలో కెమెరాతో, మొహంలో ప్రపంచభారంతో తిరిగే ఫోటోగ్రాఫరే యజమాని. అందరూ ఆయన్ని మాస్టారనేవారు.

ఊళ్లో అందరికంటే చవగ్గా అమ్మే బట్టల దుకాణం ఒకటి ఏడాదికి రెండుసార్లు బొమ్మల పుస్తకం అచ్చు వేయించి ఇంటింటికీ పంచేది. ఆ బొమ్మలన్నీ ఇక్కడే తీసేవారు. బట్టలు గోనెసంచుల్లో మూటలుగా వచ్చేవి. వాటిని ఎవరి కొలతలకు కుట్టారో చెప్పడం కుట్టినవాళ్లకే సాధ్యమయ్యేది కాదు. ఒక చెయ్యి పెద్దన్నయ్యది, రెండో చెయ్యి చిన్న తమ్ముడిది, నడుము మాత్రం ఎవరిదీ కాదు. ఈ సరుకును వేసుకున్న మనిషి ఇప్పుడే విదేశీ ఓడ దిగి వస్తున్నట్టు కనిపించాలి. అదీ ఉద్యోగం.

పైగా ఒక నియమం. ఫోటో అయ్యాక బట్టలు తిరిగి దుకాణానికి వెళ్లిపోవాలి, కొత్తవిగానే అమ్ముడుపోవాలి. కాబట్టి వాటికి సూది తగలకూడదు, కత్తెర తగలకూడదు. "చిల్లు పడిందంటే సరుకు మనదే" అనేవారు మాస్టారు, శాసనం చదివినట్టు.

సూది లేకుండా ఆవిడ చేసిందేమిటంటే, బట్టలారేసుకునే చెక్క క్లిప్పులు డజనున్నర కొని, తొంగిచూసినా కనబడకుండా వాటికి బూటుపాలిష్ పట్టించింది. మొదటిరోజే ఒకటి మాస్టారి పాదం కింద పడి వీరమరణం పొందింది. మిగిలిన పదిహేడుతోనూ వదులును వెనక్కి లాగి వీపు మీద బిగించేది. భుజాల్లో నలిపిన వార్తాపత్రిక, కింద అంచు మడతలో చేపలవలకు కట్టే సీసపు గుళ్లు, బొత్తాలకు చుక్క నూనె. అంతే, గోనెసంచీ పట్టుబట్టలా జారేది. ఆ వేషంలో నిలబడే పొడుగమ్మాయి ముందునుంచి చూస్తే మహారాణి. వెనకనుంచి చూస్తే, వానొస్తుందని ఎవరో హడావిడిగా బట్టలు లాగేసుకుపోయిన దండెం. పాపం కూర్చోవడానికి లేదు. ఆకలేస్తే బన్ను కూడా నిలబడే తినేది, అదీ ముందుకు వంగకుండా. సాయంత్రం వెళ్లేముందు క్లిప్పులావిడ లెక్క చూసుకునేది: పదిహేడు వెళ్లాయి, పదిహేడు వచ్చాయి.

"వీపు సంగతి ఈ గుమ్మం దాటకూడదు" అని క్లిప్పులు తగిలించిన మొదటిరోజే మాస్టారు ఆవిడ దగ్గర మాట తీసుకున్నారు. రాజ్యరహస్యాలకు కూడా అంత కాపలా ఉండి ఉండదు.

అలా మూడేళ్లు గడిచాక వచ్చింది బూడిదరంగు కోటు. ఆ ఏటి మూటలో అన్నిటికన్నా చవకది, అన్నిటికన్నా దిక్కుమాలినది. దాన్ని చూసి మాస్టారు కెమెరా మూత మళ్లీ పెట్టేశారు. "దీన్ని చివరి పేజీలో, మూలకి వేసేద్దాం" అన్నారు. క్లిప్పులావిడకు పౌరుషం వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం దాకా ఆ కోటుతో కుస్తీ పట్టింది. పదిహేడు క్లిప్పులూ దానికే ఖర్చయ్యాయి. కాలరు పైకెత్తింది. ఆఖరికి ఏదో తక్కువనిపించి, కిటికీ పరదాకు కట్టిన మెలికల తాడు విప్పి పొడుగమ్మాయి నడుముకు బెల్టులా చుట్టింది. మాస్టారు దీపం నెత్తిన ఒక్కటేశారు. ఆ బొమ్మ చివరి పేజీ మూలకు కాదు, పుస్తకం అట్ట మీదికే వెళ్లింది.

ఇంట్లో ఉన్నది అక్కాచెల్లెళ్లిద్దరే. అక్క అయిదేళ్లు పెద్ద. మంచాన పడ్డ తల్లిని ఆరేళ్లు కనిపెట్టుకుని ఉన్నది తనే. ఆ తల్లి పోయాక ముప్పయ్యో ఏట ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టింది. రెండుచోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు, రెండుచోట్లా వద్దన్నారు. "నేను జవాబులు చెబుతుంటే వాళ్లు నా స్వెటరు మోచేతుల వంకే చూస్తున్నారే" అనేది. మూడోది ఊరి గ్రంథాలయంలో. అక్కకు ప్రాణం పుస్తకాలంటే. ఇది కూడా పోతే ఇక ఎక్కడికీ వెళ్లనని ముందే ప్రకటించేసింది.

ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం క్లిప్పులావిడ ఇంటికి వచ్చేసరికి, అక్క బీరువా అద్దం ముందు నిలబడి ఉంది. ఒంటిమీద బూడిదరంగు కోటు. చేతిలో బొమ్మల పుస్తకం. అట్టమీది పొడుగమ్మాయిని అద్దం పక్కన ఆనించి, అక్కడికీ ఇక్కడికీ చూస్తోంది.

"నువ్వు ఇస్త్రీ చేసిన కోటేగా అని నీకు చెప్పకుండా కొన్నా" అంది అక్క, అటు తిరిగే. చెల్లెలు చేసేది ఇస్త్రీ అనే అక్క నమ్మకం. "బెల్టు ఏదండీ అన్నాను. ఈ కోటుకి బెల్టు లేదమ్మా అన్నాడు షాపువాడు. బొమ్మలో ఉందిగా అన్నాను. బొమ్మలో అమ్మాయి కూడా ఉంది, ఆ అమ్మాయిని కూడా పొట్లం కట్టమంటారా అన్నాడు."

క్లిప్పులావిడకు నవ్వు రాలేదు. కోటు భుజాలు అక్క భుజాలు దాటి ఇంకా ప్రయాణిస్తున్నాయి. నడుము దగ్గర ఇంకో మనిషికి చోటుంది.

"పది రోజుల్లోపు ఇచ్చేస్తే వాపసు తీసుకుంటాడట. ఇచ్చేస్తా. రేపు వెళ్లనులే" అంది అక్క. నెమ్మదిగా, ఎవరిమీదా ఫిర్యాదు లేనట్టు అంది: "కోటు బాగానే ఉందే. నేనే సరిగ్గా లేను."

మాస్టారికి ఇచ్చిన మాట మూడేళ్లు నిలిచింది. ఈ వాక్యం ముందు మూడు నిమిషాలు కూడా నిలవలేదు.

"అక్కా, ఆ కోటు ఆ అమ్మాయికీ సరిపోలేదే."

"ఏంటి?"

"వెనక పదిహేడు క్లిప్పులున్నాయి."

"ఏం క్లిప్పులు?"

"బట్టలారేసుకునేవి. మనింట్లో ఉన్నవే."

అక్క పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "మరి ఈ భుజాలు?"

"ఆదివారం పేపరు."

"బెల్టో?"

"కిటికీ పరదా తాడు."

అక్క మంచం అంచున కూలబడింది. ముందు నవ్వింది. కోటు మొత్తం ఊగిపోయేలా నవ్వింది. తరువాత కోపం వచ్చింది. "అంటే ఇంతసేపూ నేను ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చుకుని పోటీపడింది ఆదివారం పేపరుతోనా? ఒసేయ్, ఊళ్లో ఇంకెంతమంది ఇలా అద్దాల ముందు నిలబడి తమని తాము తిట్టుకుంటున్నారో నీకు తెలుసా?"

క్లిప్పులావిడకు తెలియదు. కోటుకు ముందుంటుంది, వెనకుంటుంది అన్నంతవరకే ఆవిడ విద్య. ఆ బొమ్మ చూసేవాళ్ల ఇంట్లో కూడా ఒక అద్దం ఉంటుందన్న సంగతి అంతవరకు తట్టనే లేదు. సంచీ తాడు మెలిపెడుతూ "రేపు నేను బిగిస్తా. నువ్వెళ్లాలి" అంది.

"కుట్టేస్తే పోలా?"

"సూది పడితే వాపసు తీసుకోడుగా."

మర్నాడు పొద్దున్న స్టూడియోకి సెలవు పెట్టి, వంటింట్లో అక్కను నిలబెట్టి, పదిహేడు క్లిప్పులతో ఆ కోటును మళ్లీ జయించింది. ఆ రోజు పేపరు అక్క చదవకముందే భుజాల్లోకి వెళ్లిపోయింది. బెల్టు స్థానంలో నల్లరిబ్బను.

"ఎవరికీ వీపు చూపించకు" అంది.

"మరి గదిలోంచి బయటికెలా రావాలే?"

"వెళ్లినట్టే. కాకపోతే వెనక్కి."

వీధిలో అక్క ముందు, చెల్లెలు వెనక, మధ్యలో బెత్తెడు దూరం. అలా గ్రంథాలయం దాకా ఊరేగారు. "మడమ తొక్కుతున్నావే!" "నువ్వు ఆగి ఆగి నడుస్తుంటే తొక్కనా మరి?" ఎదురొచ్చినవాళ్లు, దొంగను పట్టుకెళుతున్నారేమోనని దారి ఇచ్చారు.

క్లిప్పులావిడ వరండాలో బల్లమీద కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది. అన్నీ చెప్పింది, కుర్చీ సంగతి చెప్పలేదు! స్టూడియోలో ఎవరూ కూర్చోరు. అందుకని ప్రపంచంలో కుర్చీలుంటాయనే మరిచిపోయింది. అంత పొరపాటు చెయ్యాలంటే క్లిప్పులావిడే అయి ఉండాలి.

లోపల జరిగింది అక్క తరువాత చెప్పింది. ముగ్గురు అధికారులు. కూర్చోమన్నారు. కూర్చుంది, కుర్చీ కొసన, గీత గీసినంత నిటారుగా. గట్టిగా ఊపిరి తీస్తే డొక్కలో ఒక క్లిప్పు కరుస్తోంది. కాబట్టి ప్రతి ప్రశ్నకూ నాలుగు మాటల్లో జవాబు చెప్పింది, అయిదో మాటకు గాలి లేక. ఆ పొదుపు, ఆ గాంభీర్యం వాళ్లకు తెగ నచ్చినట్టున్నాయి. మధ్యలో ఉన్న కళ్లద్దాలాయన రెండుసార్లు తల కూడా ఊపాడట. ఇక వెళ్లవచ్చన్నారు. అక్క లేచి, నమస్కారం పెట్టి, ఆ నమస్కారంతోనే వెనక్కి నడవసాగింది. తలుపు ఇంకో అడుగు ఉందనగా టక్కున చప్పుడు.

కళ్లద్దాలాయన లేచి వచ్చి, నేలమీది క్లిప్పు తీశాడు. "ఇది మీదేనామ్మా?"

"నాదేనండీ" అంది అక్క. అబద్ధం అక్కకు చేతకాదు. అందుకని ఆ క్షణాన నోటికొచ్చింది నిజమే అయి ఉండాలి. "పత్రికల కాగితాలు చెదిరిపోకుండా పెట్టుకుంటాం. ఇంట్లో అలవాటు."

ఆయన వెళ్లి బల్లమీద గాలికి ఎగురుతున్న కాగితాలకు దాన్ని తగిలించి చూశాడు. కాగితాలు కదల్లేదు. "ఇది ఇక్కడ ఉండనిస్తారా?" అన్నాడు.

వరండాలో క్లిప్పులావిడ లెక్క చూసుకుంది. "పదహారే ఉన్నాయి!"

"ఒకటి ప్రభుత్వ స్వాధీనమైందే" అంది అక్క, అప్పుడు తీసుకున్న ఊపిరితో.

ఉద్యోగం కాగితం తొమ్మిదో రోజున వచ్చింది. కోటు వాపసుకు ఇంకా ఒక్కరోజే గడువు. అక్క కోటును తెచ్చి చెల్లెలి ఒళ్లో వేసింది. "ఇప్పుడు తియ్యి సూది."

మూడు సాయంత్రాలు పట్టింది. క్లిప్పులు పట్టిన చోటల్లా సుద్దతో గుర్తుపెట్టి, విప్పి, కత్తిరించి, వీపున రెండు పొడుగాటి కుట్లు వేసింది. మిగిలిన ముక్కతో బెల్టు వచ్చింది. అలా ఆ కోటు ఎట్టకేలకు తన ఫోటోను అందుకుంది.

మాస్టారి దగ్గర తప్పు ఒప్పుకుంది కూడా. "ఎవరికి చెప్పావు?" "అక్కకండీ." "ఎందుకూ?" "కొనుక్కుందండీ." మాస్టారు కెమెరా అద్దం తుడిచారు. తరువాతి బొమ్మల పుస్తకంలో, ఆఖరి పేజీలో, చీమలు చదువుకునేంత చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చేరింది: "చిత్రాల కోసం దుస్తులను బిగించి చూపడమైనది." దుకాణంవాళ్లకు దీని గురించి ఆయన ఏం చెప్పి ఒప్పించారో ఎవరికీ తెలియదు.

ఇవన్నీ వెళ్లిపోయాయి. బొమ్మల పుస్తకం ఆగిపోయింది, స్టూడియో మూతపడింది, మాస్టారూ లేరు. ఇప్పుడు ఫోటోలో వదులుంటే కంప్యూటరే లోపలికి నొక్కేస్తుందట. క్లిప్పులావిడ విని, "పోనీలే, దానికి క్లిప్పులు నోట్లో పెట్టుకునే పని లేదు" అంది. కానీ ఎక్కడైనా వేడి ఇస్త్రీపెట్టె తడిగుడ్డ మీద బుస్సుమంటే చాలు, ఆ మూడో అంతస్తు మొత్తం లేచి వచ్చేస్తుంది. దీపం మీద కాలిన దుమ్ము వాసన, కింద తాళంచెవుల కీచు, నిలబడి బన్ను తింటూ "ఇంకెంతసేపు?" అని కళ్లతోనే బతిమాలే పొడుగమ్మాయి.

అక్క మాత్రం ఆ కోటును ఇరవై ఏడేళ్లు వేసుకుంది. లోపలి గుడ్డ రెండుసార్లు మారింది, మోచేతులకు తోలుముక్కలు వచ్చాయి. గ్రంథాలయంలో పత్రికలన్నిటికీ చెక్క క్లిప్పులు వచ్చాయి. వీపు కుట్లు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి.

ఉద్యోగ విరమణ రోజున గ్రంథాలయం మెట్లమీద అందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. అది అయ్యాక, ఫోటో తీసే అమ్మాయి "మేడమ్, మీది ఒక్కటి విడిగా" అంది. అక్క సరేనని ముందుకొచ్చి, కోటు సర్దుకుని, గిర్రున అటు తిరిగి నిలబడింది.

"మేడమ్, ఇటు తిరగండి!"

"ఇటే తియ్యమ్మా."

"మొహం పడదండీ."

"నా మొహం వీళ్లందరూ ఇరవై ఏడేళ్లు చూశారు. మా చెల్లెలి పని ఇటుంది."

జనం నవ్వారు. ఆ అమ్మాయి కెమెరా ఎత్తింది. పక్కన నిలబడ్డ క్లిప్పులావిడకు పాత రోగం తిరగబెట్టింది. ఒక కన్ను మూసింది, కాలరు కింద ఏదో వదులున్నట్టు తోచింది, ఎవరూ పిలవకుండానే చెయ్యి చాచి ముందుకు జరిగింది. దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ బిగించడానికేమీ లేదు.

ఆ చెయ్యి ఫోటోలో పడింది. అంచున, మణికట్టు దాకా. ఆవిడ జీవితమంతా ఫోటోల మధ్య గడిపింది కదా, ఆవిడ ఫోటో ఒక్కటైనా ఉందా అని ఎవరైనా అడిగితే, అక్క తన గోడమీది ఆ ఫోటోనే చూపిస్తుంది.