పసుపు మూతి బండి

ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయిన నెలకి డాక్టరు నల్లద్దాలు తీసెయ్యమన్నాడు. మర్నాడు పొద్దున మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చి, తన తెల్ల కారు ముందు నిలబడ్డవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. బండి తెల్లగా ఉంది. ముందు బంపర్ మాత్రం పాత వెన్న రంగులో ఉంది.

ఆ బంపర్‌కి రంగు వేసింది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆయనే. ఆరేళ్ల కిందట, ఇదే వాకిట్లో.

ఈయనేమో ముప్పయ్యేళ్లు కార్ల షెడ్డులో రంగులు కలిపిన మనిషి. రంగు నంబరు చూసి డబ్బా కొనుక్కొచ్చి కొట్టెయ్యడం ఎవరైనా చేస్తారు. పదేళ్లు ఎండకి ఎండిన బండికి ఆ కొత్త రంగు అతకదు, వెలిసిన రంగుకి వెలిసిన రంగే కలపాలి. తెలుపులో ఒక చుక్క నలుపు, సూదిమొనంత పసుపు వేసి, పుల్లతో తలుపు మీద ఒక చుక్క పెట్టి, ఆరనిచ్చి, "ఏదీ, ఎక్కడ పెట్టానో చూపించండి" అనేవాడు బండివాళ్లతో. వాళ్లు ముక్కు ఆనించి వెతికినా దొరికేది కాదు. "రంగులు కలిపే మిషన్ తప్పు చెప్పొచ్చేమో గాని మా మేస్త్రి కన్ను చెప్పదు" అనేవాడు షెడ్డు యజమాని. ఆ మాటకి మేస్త్రి అక్కడ విసుక్కునేవాడు, ఇంటికొచ్చి భార్యకి చెప్పేవాడు. వారానికోసారైనా చెప్పేవాడు.

ఎంత మంచి రోజులవి. మధ్యాహ్నం రేకుల సందులోంచి ఒక ఎండపట్టీ నేల మీద పడేది. అది జరిగినకొద్దీ రంగు డబ్బాని దానితో పాటు జరుపుకుంటూ పనిచేసేవాడు. తిన్నర్ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ ఆయన ప్రాణం ఆ షెడ్డులోకి వెళ్లిపోతుంది.

అరచేత్తో కొత్త కన్ను మూసి చూశాడు. బండీ బంపరూ ఒకటే రంగు. పసుపుగా శుక్లం కమ్మిన పాత కన్ను మూశాడు. అతుకు వీధి చివరికి కూడా కనిపించేలా ఉంది.

"ఇలా రా," అని భార్యని పిలిచాడు. "ఈ బంపర్ ఏ రంగు?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, బంపర్ వైపు చూడకుండానే చెప్పింది. "కొంచెం పసుపు."

"ఎప్పట్నుంచి?"

"మీరు వేసిన రోజు నుంచీ."

"మరి ఆరేళ్లుగా నోరు మెదపలేదేం?"

"నన్ను ఎండలో నిలబెట్టి, అతుకెక్కడుందో చూపించమన్నారు. అంత సంబరంగా ఉన్నారు. ఎలా చూపించేది?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. షెడ్డులో చివరి రెండేళ్లూ తాను రంగు కలిపిన తెల్ల బళ్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ బండివాళ్లందరూ కూడా ఇలాగే ఊరుకున్నారన్నమాట. ఒక్కసారైనా సరిగ్గా కలిపి చూపించకపోతే ముప్పయ్యేళ్ల పేరూ నీళ్లపాలే అనిపించింది.

టీ చల్లారకముందే బంపర్ ఊడదీశాడు. రెండు కుర్చీల మీద పెట్టి, తడిపిన గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి ఆరబెట్టాడు. రంగు కలిపేటప్పుడు పాత కంటికి గుడ్డ కట్టుకున్నాడు.

"ఈ వేషంలో ఎవరైనా చూస్తే ఇల్లు దోచుకోడానికి వచ్చారనుకుంటారు," అంది ఆవిడ.

ఆయన నవ్వలేదు. పలచగా మూడు పూతలు వేసి, మూడో రోజు బంపర్ బిగించి, బండిని ఎండలో పెట్టాడు. "అతుకు చూపించు."

ఈసారి ఆవిడ వంగి నిజంగానే వెతికింది. "లేదండీ," అంది. మేస్త్రి ఆ రోజంతా గాల్లో తేలాడు.

మర్నాడు కూరగాయల మార్కెట్‌కి వెళ్లారు. ఆయన బండిలోనే కూర్చున్నాడు. ఆవిడ రెండు చేతులా సంచులతో బయటికొచ్చి ఆగిపోయింది. వరసగా పది తెల్ల కార్లున్నాయి. ఒక్కోదాని ముందు భాగం చూసుకుంటూ, ఆయన్ని దాటుకుని వెళ్లి, ఎవరి కార్లోకో తొంగి చూసింది. హారన్ మీద పెట్టిన చెయ్యి ఆయన తీసేశాడు. ఆసుపత్రి దగ్గరైనా, స్టేషన్ దగ్గరైనా, ఈ ఆరేళ్లలో ఆవిడ ఎప్పుడూ ఇలా వెతుక్కోలేదు. తిన్నగా నడిచొచ్చేది.

దిగి పిలిచాడు.

"ఆ పసుపు మూతి కనబడక," అంది ఆవిడ సిగ్గుపడుతూ. "దూరం నుంచే తెలిసేది. మీరక్కడున్నారని నిబ్బరంగా ఉండేది."

మేస్త్రి సంచులందుకుని బండిలో పెట్టాడు. ఇంటికి రాగానే స్పానర్ తీసి మళ్లీ బంపర్ కింద దూరాడు.

"మళ్లీ ఏమొచ్చింది దానికి?"

"వచ్చే వారం రెండో కంటికి కూడా ఆపరేషన్. ఆ తర్వాత ఆ రంగు కలపడం నా వల్ల కాదు," అంటూ లేచి, ఈసారి కొత్త కంటికి గుడ్డ కట్టుకున్నాడు.

ఆవిడ ముడి సరిచేసి, పసుపు రంగు డబ్బా మూత తీసి ఆయన చేతికిచ్చింది.