మీసం పెట్టుకుని నేర్చిన ఇంగ్లిష్

మా ఇంగ్లిష్ మేడం ఇక లేరని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను బడిలో హాజరు పిలుస్తున్నాను. రిజిస్టర్ మూసేశాను. ఈ రోజు నేను ఇంగ్లిష్ టీచర్‌నయ్యానంటే ఆమె వల్లే.

ఆర్మూర్‌లో ఇంటర్ చదివేటప్పుడు ఆమె పీరియడ్ అంటే నాకు భయం. అమ్మ బీడీలు చుట్టేది. ఇంట్లో ఎవరికీ ఇంగ్లిష్ రాదు. మేడం లేపితే చున్నీ కొస నలుపుతూ నిలబడేదాన్ని.

ఆ ఏడాది ఒక పాత ఇంగ్లిష్ నాటకం పాఠంగా వచ్చింది. అందులో అమ్మాయి మగవేషంలో సభకు వెళ్లి మాట్లాడుతుంది.

"వేషమేస్తే మనిషి దాసుకుంటదనుకుంటరు. అప్పుడే లోపలిది బయటికొస్తది," అన్నారు మేడం. నన్ను పిలిచి కాటుకతో మీసం దిద్దారు. "తప్పొస్తే నీది కాదు, గీ మీసాల పిలగానిది. మాట్లాడు బిడ్డా!"

క్లాసంతా నవ్వింది. నాలుగు వాక్యాలు చెప్పాను. మూడింట్లో తప్పులు. ఆమె ఒక్కటీ దిద్దలేదు.

వార్షికోత్సవంలోనూ ఆ వేషమే వేయించారు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా మేనమామ చూశాడు. "ఆడిపోరికి మీసాలేంది? రేపటి సంది కాలేజి బంద్!" అన్నాడు. రెండు రోజులు ఇంట్లోనే ఉన్నాను.

మూడో రోజు మేడం వచ్చి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నారు.

"అన్నా, దుబాయ్‌ల మీ సేటు ఇంగ్లిష్‌ల మాట్లాడితే సమజైతదా?"

మామ తల దించుకున్నాడు. "తిట్టినా సమజ్ గాదు మేడం."

"మరి బిడ్డకన్న సమజ్ గావాల్నా, వద్దా?"

మామ అమ్మ వైపు చూశాడు. అమ్మ నాతో అంది: "రేపు కాలేజికి పో బిడ్డా."

సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్లాను. "మీకు భయం గాలేదా మేడం?" అని అడిగాను.

"ఎందుకు గాలేదు? రోజు క్లాసుకొచ్చే ముందు గూడ అయితది. గీ గంభీరమంత వేషమే," అన్నారు నవ్వుతూ.

ఆ ఫోన్ రావడానికి రెండు రోజుల ముందు, శనివారం, ఆమెకు నిజామాబాద్ దవాఖానలో ఆపరేషన్. చూడటానికి వెళ్లాను. ఎప్పటిలాగే నాకే ధైర్యం చెబుతారనుకున్నాను.

"మస్తు భయమైతుంది బిడ్డా," అన్నారు.

"నేనున్న మేడం," అన్నాను.

ఆపరేషన్ తర్వాత ఆమె కళ్లు తెరవలేదు. నాకు మిగిలింది ఆమెను ఆపరేషన్ గదికి తీసుకెళ్లిన ఆ వరండాయే. స్ట్రెచర్ కదులుతోంది. ఆమె నా రెండు వేళ్లు గట్టిగా పట్టుకున్నారు. నేను అడ్డంగా అడుగులేస్తూ పక్కనే నడుస్తున్నాను. తలుపు దగ్గర నర్సు ఆ పట్టును మెల్లగా విడదీస్తోంది.