బిళ్ల తీసుకోని రోజు

చంద్రపూర్ కాలేజీలో తత్వశాస్త్రం చదివే మా తమ్ముడి కూతురు, మొన్న మరాఠీ పుస్తకం ముందేసుకుని, ప్రాచీన రోము జ్ఞానులు స్నేహం గురించి ఏమన్నారో నాకు తెలుగులో విడమరిచి చెప్పింది. లాభం కోసం చేరినవాడు ఆ లాభం ఆగగానే జారుకుంటాడట. అందుకని మనిషిని ముందే తరచి చూసి స్నేహం చేయాలట, చేశాక మాత్రం అనుమానించకూడదట. మొదటి సగం వినగానే వీళ్ళెవరో మా వంశం వాళ్ళేననిపించింది. రెండో సగం వినగానే గని రోజులు గుర్తొచ్చాయి.

పాలవాడు చిక్కటి పాలు పోస్తే, ఇందులో ఏం కలిపాడోనని మూడు రోజులు ఆలోచించే రకం నేను. కూలుతున్న బొగ్గుపెళ్లను ఒంటిచేత్తో ఆపానని చెప్పుకునే నా కథల్లో మీరు సగం తీసేయండి. దీంట్లో మాత్రం ఏమీ తీసేయకండి.

భూగర్భ గనిలో చేరిన కొత్తలో నాకో జోడీదారు ఉండేవాడు. దిగేటప్పుడు మా నంబరున్న ఇత్తడి బిళ్ల దీపాల గదిలో ఇచ్చి, ఎక్కి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకోవాలి. కొక్కేనికి బిళ్ల ఉందంటే మనిషింకా లోపలున్నట్టే. నేనెంత ఆలస్యంగా పైకొచ్చినా, బస్సు వదులుకుని మరీ అతడు అక్కడే నిలబడి ఉండేవాడు. ఎందుకు? నేను లోపల కునుకు తీసిన సంగతి ఒకసారి మా పని చూసే సర్దారు చెవిన పడటంతో, నా ఆలస్యాలు లెక్కపెట్టి చేరవేస్తున్నది ఇతడేనని తేల్చేసుకున్నాను.

పరీక్షించాలనిపించింది. ఒకరోజు ముందే పైకొచ్చి, దీపం ఇవ్వకుండా, బిళ్ల తీసుకోకుండా, దీపాల గది ఎదుటి చాయ్ కొట్టు తడిక వెనక నక్కాను.

షిఫ్టు ముగిసింది. జోడీదారు వచ్చి కొక్కెం చూశాడు.

“వీని బిళ్ల ఈడనే ఉన్నది సార్, మనిషి యాడ?”

“వస్తడు తియ్,” అన్నాడు సర్దారు, “యాడనో గప్పాలు కొట్టుకుంట కూసున్నడు.”

“గప్పాలు కొట్టెటోడు ఇంతసేపు సప్పుడు లేకుంట ఉంటడా? నేను పోతున్న.”

మళ్ళీ దీపం పెట్టుకుని దిగిపోయాడు. ఇదంతా సర్దారు ముందు నాటకమేమోనని నేను కదల్లేదు. ఆ తరువాత కదలడానికి ముఖం చెల్లలేదు. గంట దాటాక, నడుము దాకా తడిసి, మోకాలు చీరుకుపోయి పైకొచ్చాడు. తడిక పక్కన గ్లాసుతో నేను కనబడ్డాను.

“చాయ్ సల్లగైతది, తాగు,” అన్నాడు, అంతే.

మరునాటికల్లా షిఫ్టు మార్పించుకున్నాడు. తగవు పడలేదు, పలకరింపూ మానలేదు.

ఇప్పుడు ఇక్కడికి దగ్గర్లోని భద్రావతిలో ఉంటున్నాడు, పెళ్ళిళ్ళలో కలుస్తుంటాం. జోడీగా ఉన్న రోజుల్లో నేనొక్క కోత కోస్తే చాలు, అబద్ధమని నలుగురిలో నా పరువు తీసేవాడు. మొన్నటి పెళ్ళిలో, తాడోబా అడవిలో పులి నా స్కూటరుకు దారిచ్చి పక్కకు నిలబడిందని, కావాలనే అతడికేసి చూస్తూ చెప్పాను. “గట్లనా, మంచిది,” అని తలూపి, పెరుగు వడ్డించుకున్నాడు. మిగతావాళ్ళంతా పగలబడి నవ్వారు. నన్ను అబద్ధాలకోరని తిట్టే మనిషి ఈ చంద్రపూర్ చుట్టుపక్కల ఇప్పుడు ఒక్కడూ లేడు.